సొంత కంప్యూటర్‌లో డేటాబేస్: గుంజాల లిపి, కమలాపూర్ మండలం చెప్పే పాఠాలు

వెబ్ అప్లికేషన్‌లో వాడుకరికి తెరపై కనిపించే పుటలు ఒక భాగమైతే, ఆ పుటల్లోకి రావలసిన పేర్లనూ అంకెలనూ తేదీలనూ పట్టికల్లో భద్రపరచి, అడిగినప్పుడు వెతికి అందించే డేటాబేస్ మరో భాగం. భూమి రికార్డులు, పింఛన్ల జాబితాలు, పరీక్షల ఫలితాలు, బస్సు టికెట్లు అన్నీ ఈ రెండో భాగంలోనే ఉంటాయి. పుటలో దొర్లిన తప్పును దిద్ది మళ్లీ పంపితే సరిపోతుంది గానీ, డేటాబేస్‌లో దొర్లిన తప్పు ఒక రైతు సర్వే నంబరును మరొకరి ఖాతాలోకి చేర్చగలదు, అర్హురాలి పేరును జాబితా నుంచి చెరిపేయగలదు. అందువల్ల అప్లికేషన్లను నిర్మించేవారు ప్రజల అసలు రికార్డులున్న సర్వర్ జోలికి పోకుండా, తమ సొంత కంప్యూటర్‌లోనే అటువంటి డేటాబేస్‌ను నెలకొల్పుకొని దాని మీద ప్రయోగాలు చేస్తారు. ఈ ఏర్పాటునే లోకల్ డేటాబేస్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. ఈ అధ్యాయంలో దానిని స్థానిక డేటాబేస్ అని పిలుద్దాం.

స్థానిక డేటాబేస్ ఎలా ఉండాలో అర్థం చేసుకోవడానికి ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు చక్కని ఉదాహరణలు. 2007లో జగిత్యాల సమీపంలోని నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల, 2008లో బాసరలో ఆర్‌జీయూకేటీ మొదలయ్యాక ఈ ప్రాంతంలో కంప్యూటర్ శాస్త్రం చదివేవారి సంఖ్య బాగా పెరిగింది. 2020లో కరీంనగర్‌లో ఐటీ టవర్ ప్రారంభమైంది. అయితే ఈ అధ్యాయానికి అంతకన్నా ముఖ్యమైనవి మరో రెండు విషయాలు. 2016లో ఈ రెండు జిల్లాల సరిహద్దులు పూర్తిగా మారిపోయాయి. 2018లో ఆదిలాబాద్ జిల్లాలోని గుంజాల గ్రామం పేరుతో ఉన్న గోండి లిపికి ప్రపంచ అక్షర ప్రమాణంలో స్థానం లభించింది. ఈ రెండు జిల్లాల గ్రామాల పేర్లను తెలుగులోనూ గోండి లిపిలోనూ చూపే చిన్న వెబ్ అప్లికేషన్‌ను నిర్మించదలచుకున్న విద్యార్థికి డేటాబేస్ శాస్త్రంలోని ముఖ్యమైన చిక్కుముడులన్నీ ఆ పేర్లలోనే ఎదురవుతాయి.

ఏర్పాటులోని అంగాలు

నేటి డేటాబేస్‌లలో అధిక భాగం 1970లో ఐబీఎం శాస్త్రవేత్త ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన సంబంధాత్మక నమూనా మీద నిర్మితమయ్యాయి. ఈ నమూనాలో సమాచారమంతా పట్టికల్లో ఉంటుంది. ఒక్కో వరుస ఒక్కో వస్తువును గురించి చెబుతుంది. ప్రతి వరుసనూ గుర్తుపట్టడానికి ప్రైమరీ కీ అనే విశిష్ట విలువ, సాధారణంగా ఒక సంఖ్య, ఉంటుంది. ఒక పట్టికలోని వరుస మరో పట్టికలోని వరుసను ఆ సంఖ్య ద్వారా ప్రస్తావిస్తే దానిని ఫారిన్ కీ అంటారు. మండలాల పట్టికలో ప్రతి మండలం పక్కన జిల్లా సంఖ్య రాసినప్పుడు, జిల్లాల పట్టికలో లేని సంఖ్యను ఎవరైనా రాయబోతే డేటాబేస్ అంగీకరించదు. ఈ నిరాకరణే సమాచారానికి కాపలా. ఈ పట్టికలతో సంభాషించడానికి వాడే భాష పేరు ఎస్‌క్యూఎల్.

పట్టికలను నిర్వహించే ప్రోగ్రామును డేటాబేస్ సర్వర్ అంటారు. సర్వర్ అన్నంత మాత్రాన అది దూరాన ఏదో భవనంలో ఉండాలన్న నియమం లేదు. వెబ్ పుటలను తయారుచేసే ప్రోగ్రామూ, డేటాబేస్ సర్వరూ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉండి నెట్‌వర్క్ పద్ధతిలోనే మాట్లాడుకోగలవు. కంప్యూటర్ తనను తాను పిలుచుకునే చిరునామా 127.0.0.1. ఒకే చిరునామాలో అనేక ప్రోగ్రాములు ఉండవచ్చు కాబట్టి వాటిని వేరుచేయడానికి పోర్టు అనే సంఖ్యను వాడతారు; డేటాబేస్ సర్వర్లలో మైసీక్వెల్‌కు వాడుకలో ఉన్న పోర్టు 3306, పోస్ట్‌గ్రెస్‌కు 5432. చిరునామా, పోర్టు, డేటాబేస్ పేరు, వాడుకరి పేరు, పాస్‌వర్డ్ అనే అయిదు వివరాలు సరిగా కుదిరితే అప్లికేషన్ తన డేటాబేస్‌ను చేరుకుంటుంది. ఇంటర్నెట్‌తో దీనికి పని లేకపోవడం వల్ల ఉట్నూర్ ఏజెన్సీలో సిగ్నల్ అందని పల్లెలో కూర్చున్నా పని ఆగదు.

ఏ డేటాబేస్, ఏ పద్ధతి

ఉచితంగా లభించే డేటాబేస్‌లలో నాలుగు పేర్లు తరచుగా వినిపిస్తాయి. మైసీక్వెల్ 1995లో వెలువడింది. దాని యాజమాన్యం చేతులు మారిన కాలంలో, 2009లో, దాని సృష్టికర్తల్లో ఒకరైన మైకేల్ విడేనియస్ అదే మూలం నుంచి మరియాడీబీ అనే శాఖను మొదలుపెట్టాడు. కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో పరిశోధనగా పుట్టిన పోస్ట్‌గ్రెస్ 1996 నుంచి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే పేరుతో సాగుతోంది. 2000లో రిచర్డ్ హిప్ రూపొందించిన ఎస్‌క్యూలైట్‌కు ప్రత్యేకమైన సర్వరే అక్కర్లేదు. డేటాబేస్ అంతా ఒకే ఫైలులో ఇమిడిపోతుంది.

ఎస్‌క్యూలైట్ సులభం కాబట్టి చాలామంది అభ్యాసాన్ని దానితోనే మొదలుపెడతారు. అయితే అప్లికేషన్ చివరకు పోస్ట్‌గ్రెస్ మీద నడవవలసి ఉండగా ఇంట్లో ఎస్‌క్యూలైట్‌తో పరీక్షించడం ప్రమాదకరం. జనాభా అనే అంకెల గడిలో పొరపాటున అక్షరాలు రాసినా ఎస్‌క్యూలైట్ సాధారణంగా స్వీకరిస్తుంది. ఫారిన్ కీ తనిఖీని ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అమలు చేయదు. జగిత్యాల జిల్లా వరుసను తుడిచేసినా దాని మండలాలు తల్లిలేని వరుసలుగా అలాగే మిగిలిపోతాయి. ఇంట్లో ఏ హెచ్చరికా రాదు. అదే పనిని పోస్ట్‌గ్రెస్‌లో చేయబోతే మండలాలు ఉన్నంతవరకు జిల్లాను తుడవడం కుదరదని వెంటనే చెబుతుంది. ఇంట్లో నోరు మెదపని తప్పు అసలు సర్వర్ మీద బయటపడటం స్థానిక డేటాబేస్ ప్రయోజనాన్నే దెబ్బతీస్తుంది.

మన కళాశాలల ప్రయోగశాలల్లో విస్తృతంగా వాడే ఎక్స్ఏఎంపీపీ అనే సాఫ్ట్‌వేర్ కట్ట వెబ్ సర్వర్‌నూ డేటాబేస్‌నూ ఒకేసారి స్థాపిస్తుంది. దాని నియంత్రణ పట్టీ మీద మైసీక్వెల్ అని కనిపిస్తుంది గానీ 2015 నుంచి లోపల ఉన్నది మరియాడీబీ. ఈ తేడా తెలియని విద్యార్థి, వేరే చోట మైసీక్వెల్ 8 నుంచి తీసిన డేటాబేస్ నకలును ఇందులోకి ఎక్కించబోయినప్పుడు, అక్షర క్రమం (అక్షరాలను పోల్చి పేర్చే నియమావళి) పేరు తెలియదంటూ అది మొరాయిస్తుంది. యూటీఎఫ్8ఎంబీ4 0900 ఏఐ సీఐ అనే మైసీక్వెల్ 8 సహజ క్రమం పాత మరియాడీబీలో లేకపోవడమే అందుకు కారణం. ఇటువంటిదే మరో తేడా పట్టికల పేర్లకు సంబంధించింది. విండోస్‌లో నడిచే మైసీక్వెల్ పట్టిక పేరులోని ఇంగ్లిష్ పెద్ద, చిన్న అక్షరాలను ఒకటిగానే చూస్తుంది. లైనక్స్‌లో వేర్వేరుగా చూస్తుంది. పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే ఉంచాలన్న నియమం పెట్టుకుంటే ఈ చిక్కు తలెత్తదు.

ఈ తేడాలన్నిటినీ తగ్గించడానికి 2013లో వచ్చిన డాకర్ అనే పద్ధతి నేడు బహుళ ప్రచారంలో ఉంది. డేటాబేస్ సర్వర్‌నూ దానికి అవసరమైన ఫైళ్లనూ ఒక నిర్ణీత సంచిక (వెర్షన్) ప్రకారం కలిపి మూసిన పొట్లాన్ని ఇమేజ్ అనీ, దానిని నడిపించినప్పుడు ఏర్పడే ప్రత్యేక ఆవరణను కంటైనర్ అనీ అంటారు. ఏ ఇమేజ్, ఏ సంచిక, ఏ పోర్టు, ఏ పాస్‌వర్డ్ అనే వివరాలను చిన్న ఫైలులో రాసి పెడితే, మంచిర్యాలలోని విద్యార్థి కంప్యూటర్‌లోనూ కరీంనగర్‌లోని అతని సహచరురాలి కంప్యూటర్‌లోనూ ఒకే రకమైన డేటాబేస్ లేస్తుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. సంచిక సంఖ్యను రాయకుండా తాజాది తెమ్మని వదిలేస్తే ఆరు నెలల తరువాత ఇద్దరి దగ్గరా వేర్వేరు సంచికలు ఉండవచ్చు. కంటైనర్‌ను తొలగించినప్పుడు లోపలి సమాచారం కూడా పోతుంది కాబట్టి, పట్టికల ఫైళ్లను వాల్యూమ్ అనే వేరే నిల్వ స్థలంలో ఉంచాలి.

అక్షరాలు ఎన్ని బైట్లు

కంప్యూటర్ అక్షరాలను నేరుగా దాచుకోదు. ప్రతి అక్షరానికీ యూనికోడ్ అనే అంతర్జాతీయ ప్రమాణం ఒక సంఖ్యను కేటాయిస్తుంది, ఆ సంఖ్యను యూటీఎఫ్-8 అనే పద్ధతి బైట్ల వరుసగా మారుస్తుంది. తెలుగు అక్షరాలకు 3072 నుంచి 3199 వరకు ఉన్న సంఖ్యలను కేటాయించారు. ఈ పరిధిలోని ప్రతి సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. ఉదాహరణకు క అనే అక్షరం 224, 176, 149 అనే మూడు బైట్లుగా నిల్వ అవుతుంది. కరీంనగర్ అనే మాటలో చదువరికి కనిపించేవి అయిదు అక్షరాలే అయినా, గుణింతాలూ సున్నా పొల్లూ విడివిడి సంకేతాలు కాబట్టి యూనికోడ్ లెక్కలో అవి 8 సంకేతాలు, నిల్వలో 24 బైట్లు. ఆదిలాబాద్ కూడా అయిదు అక్షరాలే. అందులో 9 సంకేతాలు, 27 బైట్లు ఉన్నాయి. పేరు గడికి పది అక్షరాల హద్దు చాలుననుకున్నవారు కుమురం భీం ఆసిఫాబాద్ దగ్గరకు వచ్చేసరికి హద్దు దాటిపోవడం చూస్తారు. గడి పరిమాణాన్ని కంటికి కనిపించే అక్షరాలతో కాక సంకేతాలతో లెక్కించాలి.

గుంజాల గోండి లిపి దగ్గర సమస్య ఇంకా లోతుగా ఉంటుంది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల గ్రామంలో దొరికిన సుమారు డజను రాతప్రతులను హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన జయధీర్ తిరుమలరావు నాయకత్వంలోని పరిశోధక బృందం వెలుగులోకి తెచ్చింది. ఈ లిపి 2018 జూన్‌లో వెలువడిన యూనికోడ్ 11వ సంచికలో చేరింది. దానికి 73056 నుంచి 73135 వరకు ఉన్న సంఖ్యలు లభించాయి. యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లతో రాయగల అతిపెద్ద సంఖ్య 65535 కాబట్టి, గుంజాల లిపిలోని ప్రతి సంకేతానికీ నాలుగు బైట్లు కావాలి. ఆ లిపిలోని అ అనే అక్షరం 240, 145, 181, 160 అనే నాలుగు బైట్లుగా మారుతుంది.

మైసీక్వెల్‌లో యూటీఎఫ్8 అనే పేరుతో దీర్ఘకాలం చలామణీ అయిన అక్షర సమితి మాత్రం మూడు బైట్లకు మించి స్వీకరించదు. పూర్తి ప్రమాణాన్ని పాటించే యూటీఎఫ్8ఎంబీ4 అనే సమితి 2010లో వచ్చినా, కొత్త డేటాబేస్‌లకు అదే సహజ ఎంపిక కావడం 2018 ఏప్రిల్‌లో వెలువడిన మైసీక్వెల్ 8తోనే సాధ్యమైంది. గుంజాల లిపి యూనికోడ్‌లో చేరడానికి రెండు నెలల ముందు జరిగిన ఈ మార్పు పాత పట్టికలను వాటంతట అవి మార్చలేదు. అందువల్ల పాత సమితితో నెలకొల్పిన డేటాబేస్‌లో నిర్మల్, సిరిసిల్ల, పెద్దపల్లి అనే తెలుగు పేర్లు ఏ ఇబ్బందీ లేకుండా నిలుస్తాయి; తెలుగుతో మాత్రమే పరీక్షించినవారికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. గుంజాల లిపిలో ఒక్క అక్షరం రాసిన మరుక్షణం లోపం బయటపడుతుంది.

ఆ లోపం బయటపడే తీరు కూడా సర్వర్ అమరికను బట్టి ఉంటుంది. మైసీక్వెల్ 5.7 నుంచి సహజంగా అమల్లో ఉన్న కఠిన పద్ధతిలో, అక్షరాల విలువ తప్పని చెప్పి డేటాబేస్ ఆ వరుసను తిరస్కరిస్తుంది. కఠిన పద్ధతిని ఆపివేసిన సర్వర్‌లోనైతే నాలుగు బైట్ల అక్షరం వచ్చిన చోటే మాటను తెగ్గొట్టి, దానికి ముందున్న ముక్కను దాచుకొని, ఒక హెచ్చరికను మాత్రం నమోదు చేస్తుంది. మొదటి దానిలో గ్రామం పేరు నమోదు కాలేదని వెంటనే తెలుస్తుంది. రెండో దానిలో గోండి పేరుకు బదులు ఖాళీ గడి మిగిలి, నెలల తరువాత ఎవరో గమనించే దాకా అలాగే ఉంటుంది. స్థానిక డేటాబేస్‌లో అక్షర సమితిని సర్వర్, డేటాబేస్, పట్టిక, అప్లికేషన్ అనుసంధానం అనే నాలుగు స్థాయుల్లోనూ యూటీఎఫ్8ఎంబీ4గా నిర్ణయించి, కఠిన పద్ధతిని అమల్లో ఉంచడం అందుకే తప్పనిసరి. పోస్ట్‌గ్రెస్‌లో యూటీఎఫ్8 అంటే పూర్తి యూటీఎఫ్-8 కాబట్టి అక్కడ ఈ సమస్య లేదు.

కనిపించని అక్షరం, కుదరని క్రమం

తెలుగు పేర్లకు వచ్చే మరో చిక్కు ఉంది. కరీంనగర్ అనే పేరుకు లో అనే విభక్తి చేర్చినప్పుడు చివరి పొల్లు పోయి తరువాతి అక్షరం దాని కింద ఒత్తుగా చేరిపోకుండా ఉండేందుకు రాసేవారు మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని సంకేతాన్ని ఉంచుతారు. దాని సంఖ్య 8204. పత్రికల పాఠం నుంచి ఊరి పేరును నకలు చేసినప్పుడు ఈ సంకేతం కూడా పేరు చివర అతుక్కొని రావచ్చు. తెరపై రెండు పేర్లూ ఒకే విధంగా కనిపిస్తాయి. ఒకటి 24 బైట్లు, రెండోది 27 బైట్లు. పోస్ట్‌గ్రెస్ సహజ అమరికలో బైట్లు తేడాగా ఉన్న రెండు మాటలు ఎప్పటికీ సమానం కావు కాబట్టి, ఒక రూపంతో వెతికితే రెండో రూపంలో ఉన్న వరుస దొరకదు. మైసీక్వెల్ 8 సహజ క్రమమైతే ఆ సంకేతాన్ని పోలికలో లెక్కలోకి తీసుకోదు. పేరును భద్రపరచే ముందే చివర ఉన్న కనిపించని సంకేతాలను తొలగించే నియమాన్ని అప్లికేషన్‌లో పెట్టడమే దీనికి పరిష్కారం.

పేర్లను అక్షర క్రమంలో పేర్చేటప్పుడు కూడా ఇలాంటి తేడాయే కనిపిస్తుంది. సంప్రదాయ వర్ణమాలలో ళ అనే అక్షరం హ తరువాత వస్తుంది. యూనికోడ్ సంఖ్యల వరుసలో మాత్రం ల పక్కనే ఉంటుంది. కేవలం సంఖ్యల ప్రకారం పేర్చిన జాబితాలో కాళేశ్వరం ముందు, కాసిపేట తరువాత వస్తాయి. వర్ణమాల ప్రకారం చూస్తే కాసిపేటే ముందుండాలి. జాబితా ఏ క్రమంలో ఉండాలో ముందే నిర్ణయించి, ఈ రెండు పేర్లనే పరీక్షగా వాడి చూస్తే, డేటాబేస్ ఏ క్రమాన్ని పాటిస్తున్నదో నిమిషంలో తేలిపోతుంది.

జిల్లాలు మారినప్పుడు

2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. 52 మండలాలున్న ఆదిలాబాద్ జిల్లా ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా విడిపోయింది. 57 మండలాలున్న కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడటమే గాక, హుస్నాబాద్ వంటివి సిద్దిపేటలోకీ, కమలాపూర్ వంటివి వరంగల్ అర్బన్‌లోకీ వెళ్లాయి. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండగా మారింది. ఈ విధంగా కమలాపూర్ మండలం కదలకుండా ఉన్నచోటనే ఉండి అయిదేళ్లలో మూడు జిల్లా పేర్ల కిందికి వచ్చింది.

జిల్లా పేరునే గుర్తుగా వాడి, ప్రతి గ్రామం పక్కనా ఆ పేరు రాసిన డేటాబేస్‌లో ఈ మార్పులకు వేల వరుసలను చెరిపి తిరగరాయాలి; పాత చరిత్ర అంతా పోతుంది. సరైన నిర్మాణంలో జిల్లాకూ మండలానికీ అర్థంతో సంబంధం లేని సంఖ్యలు ఉంటాయి. మండలం ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ జిల్లాలో ఉన్నదో చెప్పే మూడో పట్టిక వేరుగా ఉంటుంది. అప్పుడు 2016లో కమలాపూర్‌కు ఆ మూడో పట్టికలో ఒక వరుసను ముగించి మరో వరుసను మొదలుపెడితే చాలు. 2021లో జిల్లా పేరును మాత్రం మారిస్తే చాలు. పేరు మారడం ఒకటి, జిల్లా మారడం మరొకటి అనే భేదాన్ని పట్టికల నిర్మాణం గుర్తుంచుకుంటుంది. దేశవ్యాప్తంగా జిల్లాలకూ గ్రామాలకూ కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రత్యేక సంకేత సంఖ్యలు ఇవ్వడానికి కారణం కూడా ఇదే. కుమురం భీం, కొమురం భీం, కుమ్రం భీం అని పేరు మూడు రకాలుగా రాసినా సంఖ్య ఒక్కటే.

ఈ నిర్మాణం లేకపోతే ఎంత పెద్ద తప్పు జరుగుతుందో జనాభా లెక్కలు చూపుతాయి. 2011 జనగణన ప్రకారం కరీంనగర్ జిల్లా జనాభా 37,76,269. ఆదిలాబాద్ జనాభా 27,41,239. ఈ అంకెలు నాటి ఉమ్మడి జిల్లాలవి. పేరు ఒకటే కదా అని నేటి కరీంనగర్ జిల్లా పక్కన 37 లక్షల పైచిలుకు సంఖ్యను చూపే అప్లికేషన్, అసలు ఉన్నదానికి మూడింతలకు మించిన సంఖ్యను చూపుతున్నట్టు లెక్క.

ఇటువంటి మార్పులను చేతితో ఒక్కొక్కటిగా చేయరు. పట్టికల నిర్మాణంలో చేసే ప్రతి మార్పునూ వరుస సంఖ్య గల చిన్న ఫైలుగా రాసి, వాటిని క్రమంగా అమలు చేసే పద్ధతిని మైగ్రేషన్ అంటారు. మొదటి ఫైలు జిల్లాల పట్టికను సృష్టిస్తే, రెండోది మండలాలనూ, మూడోది తేదీల సంబంధాన్నీ సృష్టిస్తుంది. 2016 నాటి విభజన నాలుగోది అవుతుంది. స్థానిక డేటాబేస్‌ను ఖాళీ స్థితి నుంచి ఈ ఫైళ్ల ద్వారా మళ్లీ మళ్లీ నిర్మించి చూడవచ్చు. నాలుగో ఫైలు మధ్యలో విఫలమైతే సగం మండలాలు కొత్త జిల్లాల్లోనూ సగం పాతవాటిలోనూ మిగలకుండా చూడటానికి ట్రాన్సాక్షన్ అనే ఏర్పాటు ఉంది. అందులో చేసిన పనులన్నీ కలిసి పూర్తవుతాయి, లేదా ఒక్కటీ జరగనట్టే వెనక్కి పోతాయి. పట్టికల రూపాన్ని మార్చే ఆదేశాలను కూడా పోస్ట్‌గ్రెస్ ట్రాన్సాక్షన్‌లో ఉంచి వెనక్కి తీసుకోగలదు. మైసీక్వెల్ అలాంటి ఆదేశం రాగానే అప్పటివరకు జరిగిన పనిని ఖాయం చేసేస్తుంది. ఏది వాడుతున్నారో తెలిసి ఉండటం ఇక్కడ మళ్లీ ముఖ్యమవుతుంది.

అసలు సమాచారం ఇంటికి రాకూడదు

స్థానిక డేటాబేస్ అసలుదానిని పోలి ఉండాలంటే అసలు సమాచారాన్నే నకలు చేసుకోవచ్చు కదా అనే ఆలోచన సహజంగా వస్తుంది. ఇది తగదు. ల్యాప్‌టాప్ పోవచ్చు, మరమ్మతుకు వెళ్లవచ్చు, ఇంట్లో మరొకరు వాడవచ్చు. పౌరుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ వివరాలు ఆ దారిలో బయటికి పొక్కవచ్చు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఇటువంటి సమాచారాన్ని నిర్వహించేవారిపై బాధ్యతలు మోపింది. జిల్లా, మండల, గ్రామాల పేర్లు బహిరంగమైనవి కాబట్టి వాటిని యథాతథంగా వాడవచ్చు. వ్యక్తుల వరుసలను మాత్రం కల్పించుకోవాలి. పరీక్ష కోసం ముందుగా నింపే ఈ సమాచారాన్ని సీడ్ డేటా అంటారు. డేటాబేస్ పాస్‌వర్డ్‌ను కూడా ప్రోగ్రాములో రాయకుండా, ఇతరులతో పంచుకోని వేరే ఫైలులో ఉంచి, స్థానిక పాస్‌వర్డ్‌నూ అసలు సర్వర్ పాస్‌వర్డ్‌నూ వేర్వేరుగా పెట్టుకోవాలి.

సీడ్ డేటాను ఎంత ఆలోచనతో ఎంపిక చేస్తే స్థానిక డేటాబేస్ అంత ఉపయోగపడుతుంది. వంద మామూలు పేర్లకన్నా ఇబ్బంది పెట్టే నాలుగు పేర్లు ఎక్కువ తప్పులను పట్టిస్తాయి. గ్రామాల అప్లికేషన్‌ను నిర్మించే విద్యార్థి తన సీడ్ ఫైలులో గుంజాల లిపిలో రాసిన ఒక పేరును, చివర కనిపించని సంకేతం ఉన్న కరీంనగర్‌నూ లేని కరీంనగర్‌నూ, కాళేశ్వరం కాసిపేటల జంటను, మూడు జిల్లా పేర్లు చూసిన కమలాపూర్ మండలాన్ని తప్పకుండా చేర్చాలి. డేటాబేస్ రకం, సంచిక, అక్షర సమితి, కఠిన పద్ధతి అసలు సర్వర్‌తో సరిపోలి, ఈ నాలుగు పరీక్షలూ నెగ్గినప్పుడే ఆ అప్లికేషన్ ప్రజల రికార్డుల దగ్గరకు వెళ్లడానికి యోగ్యమైనదని భావించాలి.